తల్లీబిడ్డల నిధి: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జమా ఖర్చులు

గ్రామస్థులందరికీ నమస్కారం. లెక్క చదివిన రోజే సంత పడింది, సగంమంది వినలేదు. అందుకే రాసి పెడుతున్నాం.

జమ: పాత నిల్వ 3,240 రూపాయలు. 64 ఇళ్ల నుంచి 200 చొప్పున 12,800. చేతిలో డబ్బు ఆడని 11 ఇళ్లవాళ్లు తలో కిలో మిరియాలు ఇచ్చారు. అమ్మితే 6,600 వచ్చింది (ఆ లెక్కన వాళ్లే ఎక్కువిచ్చారు). సంతలో డబ్బా తిప్పితే 2,160. విశాఖ, హైదరాబాద్‌లలో ఉన్న మన కుర్రాళ్లు పంపింది 15,000. మొత్తం 39,800.

సర్కారు ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషనైనా సరే, 2011 నుంచి ఉచితమే కదా, ఇంకా ఖర్చేమిటని కొందరడిగారు. 108 తారు రోడ్డు దాకానే వస్తుంది. పై వాడ నుంచి రోడ్డు నాలుగు కిలోమీటర్లు.

డోలీ ఐదుసార్లు కట్టాం. మోసినవాళ్లు కూలి పుచ్చుకోలేదు, భోజనాలకు 2,150. టార్చిలైట్లు, తాళ్లు 940. స్కానింగులకూ, 108 అందని రాత్రులకూ జీపు 9 సార్లు, 13,500. అందులో ఒకసారి అవి దొంగనొప్పులని తేలి వెనక్కొచ్చారు. ఆ 1,500 దండగన్నారు. అలాంటి దండగ ఎన్నిసార్లైనా పెడతాం.

గొడవంతా కాన్పుకు ముందే వెళ్లి ఉండేందుకు పాడేరులో తీసుకున్న గది మీదే. జూలై నుంచి అక్టోబరు దాకా అద్దె 8,000, బియ్యం, గ్యాసు, గిన్నెలు 4,870. నెలలు నిండకముందే వెళ్లి ఉన్న నలుగురిలో ఒక్కరికీ డోలీ అవసరం పడలేదు. సెప్టెంబరంతా గది ఖాళీగా ఉన్నమాటా నిజమే. అదే నెలలో డోలీ ఎక్కినావిడను ముందే వెళ్లమన్నాం. "పిల్లల్నెవరు చూస్తారు, మేకల్నెవరు తోలతారు?" అంది. మా దగ్గర జవాబు లేదు. గది మాట్లాడకముందే ఆడవాళ్లను అడగకపోవడం కమిటీ తప్పు. ఈసారి ఇంటి దగ్గర ఉండే మనిషికి కూలి కూడా నిధి నుంచే ఇద్దామని తీర్మానించాం.

బిడ్డల్ని తూచే కొత్త తక్కెడకు 1,850. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూస్తుంది. పాత తక్కెడ ముల్లు వణికితే వంద గ్రాములు అటూ ఇటూ అయ్యేది. నవంబరు చలిలో 1,900 గ్రాముల బిడ్డ పుట్టింది. తల్లి పాతచీరతో గుండెకు కట్టుకుంది, ఆమె తినేటప్పుడు తండ్రి కట్టుకున్నాడు. చూసి నవ్వినవాళ్లున్నారు. 28వ రోజున 2,400 తూగింది. అందరి పిల్లలకూ కలిపి టోపీలు, మేజోళ్లు, దుప్పట్లు 2,730.

బిడ్డను పెద్దాస్పత్రికి పంపినప్పుడు తోడెళ్లినవాళ్ల తిండికి, బస్సుకు 3,200. ఇందులో 300కి రసీదు లేదు. మగబిడ్డని చెప్పి ఆస్పత్రిలో ఒకరు అడిగి పుచ్చుకున్నారు. పేరు రాయడం లేదు, లెక్కలోంచి తీసేయడమూ లేదు.

మొత్తం ఖర్చు 37,240. నిల్వ 2,560, పాస్‌బుక్కులో ఉంది. బిల్లులు అంగన్‌వాడీలో పెట్టాం. జీపు రసీదుల్లో రెండు డ్రైవరు తెల్లకాగితం మీద రాసిచ్చినవి, అవి చూసి అడగదలిచినవాళ్లు కోశాధికారిని అడగండి.