ఆ రెండు సీసాలు కలపకు

ప్రియ నేస్తం,

నిన్న ఫోనులో ఎంత మామూలుగా చెప్పావు! స్నానాల గది మరకలు వదలడం లేదని యాసిడ్‌లో బ్లీచింగ్ ద్రావణం కలిపావట, కళ్లు మండి, దగ్గు ఆగక బయటికి పరుగెత్తావట. పైగా "ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, కలిస్తే ఉప్పూ నీళ్లే కదా" అన్నావు. ఆ మాట గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. దగ్గు ఇంకా ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు.

బడిలో మనం నేర్చుకున్నది తప్పు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం తగినంత కలిపితే మిగిలేవి ఉప్పు, నీళ్లే. కానీ బ్లీచింగ్ ద్రావణం క్షారం మాత్రమే కాదు, అందులో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. దానికి ఆ ఆమ్లం తగిలితే నువ్వన్నట్టే ఉప్పూ నీళ్లూ వస్తాయి. వాటితో పాటు క్లోరిన్ కూడా వస్తుంది! మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. నువ్వేమో కింద కూర్చుని రుద్దుతున్నావు. కంటి తడిలో, ఊపిరితిత్తుల తడిలో కరిగి అది మళ్లీ ఆమ్లాలుగా మారుతుంది. నీ కళ్లు మండింది అందుకే.

ఆ తెల్లటి మరకలు చాలావరకు నీటిలోని సున్నం, అంటే కాల్షియం కార్బనేట్ అయి ఉంటాయి. వాటికి అంత ఘాటైన ఆమ్లం ఎందుకు? బ్లీచింగ్ ద్రావణం ఆనవాలు లేకుండా గదిని నీళ్లతో బాగా కడిగి, ఆరాక వెనిగర్‌లో తడిపిన గుడ్డ మరకపై కాసేపు ఉంచు. సన్నగా బుడగలు వస్తాయి. అది కార్బన్ డయాక్సైడ్, సున్నం కరుగుతున్న గుర్తు. వెనిగర్‌లో వంటసోడా మాత్రం కలపకు. పొంగు చూడముచ్చటగానే ఉంటుంది కానీ ఒకదాని బలాన్ని ఒకటి తినేసి, చివరికి సోడియం అసిటేట్ కలిసిన నీళ్లే మిగులుతాయి.

ఆమ్లమంటే భయపడమని కాదు నేననేది. మన కడుపులో ఉన్నదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అది ఎక్కువై గుండెల్లో మంట పుడితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ఉన్న మందు వేసుకుంటాం. నువ్వు చెప్పిన సూత్రం అక్కడ చక్కగా పనిచేస్తుంది. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది మాత్రం 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఇచ్చిన, ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ కొలబద్ద. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. నీళ్లది 7, నిమ్మరసానిది సుమారు 2. అంటే లక్ష రెట్ల తేడా! నాలుక మీద చిన్న పులుపుగా తెలిసేది అంత పెద్ద తేడా.

ఒంటి మీద యాసిడ్ పడితే సోడా రాయకు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వేడి పుడుతుంది. ధారగా నీళ్లు పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడుగు.

ఆ గది కిటికీ తెరిచే ఉందా? దగ్గు ఎలా ఉందో ఈ రోజే ఫోను చేసి చెప్పు. మరకల సంగతి తర్వాత తీరికగా రాయవచ్చు.

నీ నేస్తం