అమెరికా పార్సిళ్ల గురించి మా ఖాతాదారులకు

అమెరికాలో ఉన్న పిల్లలకు మా పచ్చళ్లు పంపించే అమ్మానాన్నలకీ, అక్కడి నుంచి నేరుగా ఆర్డర్ పెట్టేవాళ్లకీ ఈ మాట. ఆగస్టులో ఆపేసిన పార్సిళ్లు మళ్లీ మొదలుపెడుతున్నాం, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది.

2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిల్‌కు అమెరికాలో సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు తీసేశారు. దానికి రెండు రోజుల ముందే మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. ఆగస్టు 25 నుంచి పార్సిళ్లు ఆపిన మన తపాలా శాఖ అక్టోబరు 15న మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. సుంకం మాత్రం ఇక్కడే ముందుగా కట్టాలి.

ఆ 50లో సగం, మన దేశం రష్యా చమురు కొంటోందని వేసినది. చమురు కొనే కంపెనీలు వేరు. భారం పడింది పచ్చళ్లు పట్టే మా మీదా, మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల మీదా. స్థానిక పరిశ్రమను కాపాడుకోవడానికే సుంకాలంటారు. మా ఆవకాయ వల్ల న్యూజెర్సీలో ఏ ఫ్యాక్టరీ మూతపడింది? మార్కెట్లు తెరవమని మనకు ఏళ్ల తరబడి చెప్పింది ఆ దేశమే కదా!

మా పాత కొరియర్ ఏజెంటు ఒక దారి చెప్పాడు. గిఫ్ట్ అని రాసి, విలువ వంద డాలర్ల లోపు చూపిస్తే సుంకం పడదట. ‘అందరూ చేసేదేనండీ, మీకెందుకు టెన్షన్’ అన్నాడు. మా వారు కూడా ఒప్పుకుందామన్నారు. సంక్రాంతి ఆర్డర్లు పోతాయని ఆయన భయం, నాకూ ఉంది ఆ భయం. రాత్రిళ్లు నిద్రపట్టలేదు. చివరికి వద్దన్నాను. నేను సరుకు అమ్ముతాను, బిల్లు ఇస్తాను, జీఎస్టీ కడతాను. మా అత్తగారి పేరున్న సీసా మీద అబద్ధం రాసి పంపడం నావల్ల కాదు.

వద్దన్న మర్నాటి నుంచి అతను ఫోన్ ఎత్తలేదు. ముందే తీసుకెళ్లిన పెట్టెలు అతని గోడౌన్‌లో పడి ఉంటే, మేమే వెళ్లి తెచ్చుకున్నాం. కొన్నిటిలో నూనె కారిపోయింది. ఇన్నేళ్ల పరిచయానికి ఒక్క ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అనిపించింది. ఇక అతనితో పని లేదు, తపాలా ద్వారానే పంపుతాం.

పచ్చళ్ల ధర పెంచడం లేదు. సుంకం, తపాలా ఖర్చు బిల్లులో విడిగా కనిపిస్తాయి, అందులో మాకు రూపాయి మిగలదు. డబ్బు కట్టి పార్సిల్ అందనివాళ్లకు మొత్తం వెనక్కి ఇస్తాం.

పప్పునూనె బదులు పామాయిల్ వేసి రేటు తగ్గించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది మాత్రం జరగదు.