అధ్యాపకుల పనిగంటలన్నీ లెక్కలోకి రావాలి

సంపాదకులకు,

అయ్యా,

విశ్వవిద్యాలయ అధ్యాపకుల ప్రస్తావన వస్తే చాలు, రోజుకు రెండు మూడు క్లాసులు చెప్పి ఇంటికి వెళ్లే ఉద్యోగమనే మాటే బయట వినిపిస్తుంది. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నన్ను ఆ మాట కంటే, మా సంస్థలు సైతం మా పనిని అదే తీరున లెక్కగట్టడం ఎక్కువగా బాధిస్తోంది.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పూర్తికాల అధ్యాపకులు విద్యాసంవత్సరంలో 30 వారాలపాటు వారానికి కనీసం 40 గంటలు పనిచేయాలి. అందులో ప్రత్యక్ష బోధన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటలు. టైమ్‌టేబుల్‌లో కనిపించేవి ఈ గంటలే. తక్కిన గంటల్లో ఎవరి మీద ఏ పని ఎంత పడుతోందో మా దగ్గర రాసిపెట్టేవారు లేరు. వారానికి నాలుగేసి గంటల చొప్పున నాలుగు పేపర్లు చెప్పే అధ్యాపకురాలికి ఒక్కో పేపర్‌లో 40 మంది విద్యార్థులుంటే, సెమిస్టర్‌కు రెండు ఇంటర్నల్ పరీక్షలకు కలిపి 320 జవాబుపత్రాలవుతాయి. ఒక్కోదానికి 10 నిమిషాలే కేటాయించినా దిద్దడానికే 53 గంటలు పడుతుంది. సెమిస్టర్ చివరి వాల్యుయేషన్, ప్రాజెక్టులు, పాఠానికి సిద్ధం కావడం ఇందులో చేరలేదు.

ఈ భారానికి మూలం ఖాళీ పోస్టులు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదని అవే నిబంధనలు చెబుతున్నా, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎన్నో శాఖలు అకడమిక్ కన్సల్టెంట్ల మీదనే, అంటే తాత్కాలిక అధ్యాపకుల మీదనే, నడుస్తున్నాయి. తక్కువ జీతానికి బోధనలో పెద్ద వాటా మోస్తున్న వారి సంగతి వేరే ఉత్తరం రాయదగినది. వారికి పిహెచ్‌డి పర్యవేక్షణ అప్పగించడానికి వీల్లేదు కనుక, పరిశోధక విద్యార్థులూ, హెడ్, వార్డెన్, పరీక్షల విభాగం, ఎన్‌ఎస్‌ఎస్ వంటి అదనపు బాధ్యతలూ మిగిలిన కొద్దిమంది రెగ్యులర్ అధ్యాపకుల మీదనే పడుతున్నాయి. నిబంధన ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది వరకు పరిశోధకులు ఉండవచ్చు. ఆ ఎనిమిది మంది రాసింది శ్రద్ధగా చదివే సమయం ఆయనకు ఎక్కడ దొరుకుతుందో ఎవరూ అడగరు.

దీనికి తోడు విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ పని. ఏళ్ల తరబడి సమాచారం ప్రమాణాల వారీగా కూర్చాలి, ఏటా నివేదిక పంపాలి, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దాదాపు అవే వివరాలు మరో రూపంలో ఇవ్వాలి. నాణ్యతను కొలవడం అవసరమే, దానిని నేను వ్యతిరేకించడం లేదు. కానీ ఫొటోలు, హాజరు పట్టికలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడానికి పిహెచ్‌డి చేసిన మనిషి అక్కర్లేదు.

నష్టపోతున్నది విద్యార్థులు. మదనపల్లె, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి, ఇంట్లో డిగ్రీ దాటి చదివిన తొలి మనిషిగా ఇక్కడికి వచ్చే పిల్లలు క్లాసులో నోరు విప్పి అడగరు. సాయంత్రం మా గదికి వచ్చి, పక్కన ఎవరూ లేనప్పుడు అడుగుతారు. ఆ వేళకు మేము ఏదో ఒక కమిటీ సమావేశంలో ఉంటున్నాం.

పోస్టుల భర్తీ ప్రభుత్వం చేతిలోని పని, దానికి సమయం పట్టవచ్చు. అంతవరకు విశ్వవిద్యాలయాలు తమంతట తామే చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక్కొక్కరి బోధన, దిద్దుబాటు, పరిశోధన పర్యవేక్షణ, పాలనా బాధ్యతలను గంటల్లో రాసి శాఖ నోటీసుబోర్డులో పెట్టాలి. అదనపు పదవి ఇచ్చినప్పుడు బోధనలోనో కమిటీల్లోనో అంతమేరకు తగ్గించాలి. ఒకే మనిషికి రెండుకు మించి అదనపు పదవులు ఇవ్వకూడదు. న్యాక్, ఎన్‌ఐఆర్‌ఎఫ్ సమాచార సేకరణకు ప్రతి విశ్వవిద్యాలయంలో ప్రత్యేక సిబ్బందిని పెట్టాలి. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఈ పని మొదలుపెట్టవలసిందిగా ఉపకులపతులను, రాష్ట్ర ఉన్నత విద్యామండలిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు,
తిరుపతి.