సెకండ్ హ్యాండ్ కారు స్టీరింగ్‌కు పరీక్ష పత్రం ఉండాలి

సంపాదకులకు,

సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొన్నాళ్లకే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోయిందని షెడ్డుకు వెళితే, చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: "ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి." ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీ భాగం. నిజంగా అది పోయిన కార్లూ ఉంటాయి. అయితే ఆ మాట అనేలోపు చేయాల్సిన పరీక్షలకు పట్టే సమయం అరగంటే. అవి చేయకుండా వేల రూపాయల బిల్లు వేయడం, అసలు అమ్మేనాడే లోపాన్ని దాచడం హైదరాబాద్ నగరంలో మామూలైపోయాయి. రవాణా శాఖ పట్టించుకోవాల్సిన విషయం ఇది.

మొదటి పరీక్షకు జాకీ చాలు. ఇంజిన్ ఆపి, తాళం చెవి ఆన్ చేసి స్టీరింగ్ లాక్ తీసి, ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా లేపి స్టాండ్లపై నిలపాలి. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. తేలిగ్గా తిరిగితే ర్యాక్, జాయింట్లు బాగున్నట్లే, లోపం పవర్ అందించే భాగంలో ఉంది. ఒక్కోచోట పట్టేస్తుంటే కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ) కింది యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టి ఉండొచ్చు. ఆ జాయింట్ ధరకూ ర్యాక్ ధరకూ పోలికే లేదు. టైర్లలో గాలి తగ్గినా స్టీరింగ్ బరువెక్కుతుంది. దాన్ని ముందే చూడని మెకానిక్ చెప్పే మిగతా మాటలు నమ్మనక్కర్లేదు.

ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే. కాలమ్‌పైనే మోటారు, డ్రైవర్ ఎంత బలంతో తిప్పుతున్నాడో కొలిచే టార్క్ సెన్సర్, కంట్రోల్ యూనిట్ ఉంటాయి. ఇందులో ఆయిల్ ఉండదు కాబట్టి "స్టీరింగ్ ఆయిల్ మార్చాం" అని బిల్లులో కనిపిస్తే నిలదీయాలి. పార్కింగ్‌లో చక్రాలు తిప్పేటప్పుడు ఈ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసించినా, టెర్మినల్‌కు తెల్లటి పొడి పట్టినా, ఎర్త్ వైరు వదులైనా కంట్రోల్ యూనిట్ సాయం ఆపేసి డాష్‌బోర్డులో స్టీరింగ్ దీపం వెలిగిస్తుంది. అందుకే మీటరు పెట్టి చూడాలి: బండి ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 వరకు రావాలి. ఆ తర్వాత స్టీరింగ్ ఫ్యూజు, కనెక్టర్లు, చివరగా కంట్రోల్ యూనిట్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్. స్కాన్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్ కాగితం చూపకుండా కాలమ్ మార్చాలంటే ఒప్పుకోకూడదు. టార్క్ సెన్సర్ లోపమని తేలితే మాత్రం చాలా మోడళ్లలో కాలమ్ అసెంబ్లీయే మార్చాల్సి వస్తుంది. ఖర్చు భారీగా ఉండేది అక్కడే. కొత్తది బిగించాక జీరో పాయింట్ కాలిబ్రేషన్ (స్టీరింగ్ నేరుగా ఉండే స్థానాన్ని కంట్రోల్ యూనిట్‌కు గుర్తు చేయించడం) చేయకపోతే కారు ఒక పక్కకు లాగవచ్చు. ఆ పని బిల్లులో విడిగా రాయించుకోవాలి.

నిలిపిన కారులో స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదిపితే టకటకమంటుందా? మోటారుకూ గేరుకూ మధ్య ఉండే చిన్న రబ్బరు కప్లింగ్ అరిగిపోవడం కొన్ని హ్యుందాయ్ మోడళ్లలో ఈ శబ్దానికి తెలిసిన కారణం. ఆ ముక్క చవకే. కాలమ్ విప్పి బిగించే కూలీయే ఎక్కువ. దీనికి కూడా అసెంబ్లీ మొత్తం మార్చమనేవారున్నారు.

పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే పాత హైడ్రాలిక్ స్టీరింగ్ తీరు వేరు. తిప్పినప్పుడు మూలుగులాంటి శబ్దం వస్తే ఆయిల్ తగ్గిందని, లేదా ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టం క్లిప్పు దగ్గర గాలి చొరబడుతోందని అర్థం. ట్యాంకులో నురగ కనిపిస్తే గాలి సంగతి ఖాయం. కారు తయారీదారు చెప్పిన ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి చెడిపోతాయి, ఆ తర్వాత చిన్న లీకు కాస్తా పెద్ద బిల్లు అవుతుంది. ఆయిల్ మార్చాక చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, చివరికంటా అటూ ఇటూ పదిహేను ఇరవై సార్లు తిప్పుతూ మట్టం నింపాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. ఫుల్ లాక్‌లో, అంటే చివరికంటా తిప్పి, అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచితే పంపు వేడెక్కుతుంది. ర్యాక్ నిజంగానే కారుతుంటే రాణిగంజ్ వంటి విడిభాగాల బజారులో చాలా మోడళ్లకు సీల్ కిట్ దొరుకుతుంది. కానీ ర్యాక్ కడ్డీ మీద తుప్పు గుంతలు ఉంటే కొత్త సీలును అవి కోసేస్తాయి. విప్పాక కడ్డీని కళ్లారా చూసి, పాత సీళ్లు తీసుకుని, గ్యారంటీ గడువు బిల్లుపై రాయించుకుంటేనే రీకండిషన్‌కు డబ్బు పెట్టాలి.

నడుస్తుండగా పవర్ పోతే కంగారు పడొద్దు. చక్రాలకూ స్టీరింగ్‌కూ ఉన్న ఇనుప బంధం అలాగే ఉంటుంది, బరువు మాత్రమే పెరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి పక్కకు ఆపాలి. కారు ఆగేదాకా ఇంజిన్ ఆపకూడదు, ఆపితే బ్రేకుకు అందే సాయం కూడా పోతుంది. హైడ్రాలిక్ కారులో దీనితోపాటు బ్యాటరీ దీపం వెలిగితే బెల్టు తెగి ఉండొచ్చు. కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. ఆ స్థితిలో ఇంకొంచెం దూరం లాగిద్దామనుకుంటే ఇంజిన్ కూడా చెడుతుంది.

మన నగరానికి మరో బెడద వాన నీరు. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన కార్లలాంటివి కడిగి, మెరుగుపెట్టి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. కనెక్టర్లలో తుప్పు మాత్రం నెలల తరబడి మెల్లగా తింటుంది. సీటు బెల్టును చివరికంటా లాగి మట్టి చార ఉందేమో, స్టెప్నీ గుంతలో బురద ఉందేమో చూడాలి. గుంతల రోడ్ల వల్ల చిరిగే ర్యాక్ రబ్బరు బూట్లనూ బండి కిందికి వంగి చూడటం మంచిది.

ఇక చట్టం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగ్ ఆట (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఖాళీగా తిరిగే మేర) 30 డిగ్రీలు మించకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి. కొలత స్పష్టంగానే ఉంది, కొలిచేవారే లేరు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కావడంతో మధ్యలో ఫిట్‌నెస్ తనిఖీ ఉండదు. యాజమాన్య బదిలీలో ఫారం 29, 30, బీమా వంటి కాగితాలదే పని. పాత వాహనాల డీలర్ల కోసం అదే నియమావళిలో చేర్చిన 55ఎ నుంచి 55హెచ్ వరకు నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కారు ఎవరి దగ్గర ఉందో వాటి ద్వారా తెలుస్తుంది. కారు ఏ స్థితిలో ఉందన్న ప్రశ్న మిగిలిపోయింది.

రవాణా శాఖను కోరేది పెద్దదేమీ కాదు. అనుమతి పొందిన డీలర్ కారు అమ్మేటప్పుడు ఒక పేజీ పత్రం ఇవ్వాలి. అందులో స్టీరింగ్ ఆట ఎన్ని డిగ్రీలు, ఫాల్ట్ కోడ్లు ఉన్నాయా, బ్యాటరీ వోల్టేజీ ఎంత, ర్యాక్ బూట్లు ఎలా ఉన్నాయి, బీమా సంస్థ ఎప్పుడైనా టోటల్ లాస్‌గా (బాగుచేయడం గిట్టుబాటు కాదని) ప్రకటించిందా అన్నవి రాసి సంతకం చేయాలి. అబద్ధం రాసినట్లు తేలితే అనుమతి నిలిపివేయాలి. ఈలోగా మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. అక్కడ పనికొచ్చేవి బిల్లు, స్కాన్ కాగితం, పాత భాగం. ఈ మూడూ షెడ్డులో అడిగి తీసుకోవాల్సినవే.

— వాహన మరమ్మతు రంగంలోని ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్