సింగిలా, ఆల్బమా అని అడిగావు కదా

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్లో మీ బ్యాండ్ అయిదు పాటల్ని ఒక్కొక్కటిగా సింగిల్స్ వదలాలా, అన్నీ కలిపి ఆల్బమ్ వెయ్యాలా అని అడిగి, "మీ రోజుల్లో హాయిగా ఆల్బమ్‌లు చేసుకునేవాళ్ళమ్మా, ఇప్పుడు ముప్పై సెకన్లలో పట్టుకోకపోతే జనం స్కిప్ కొట్టేస్తారు" అన్నావు. అప్పుడు కుక్కర్ కూతలు వేస్తుంటే సరేలే అనేసి పెట్టేశాను గానీ, సరే కాదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, అందుకే కూర్చుని ఉత్తరమే రాస్తున్నా. మీ డ్రమ్ముల అబ్బాయికి తెలుగు రాదు కదా, వాడికి నువ్వే చదివి చెప్పు.

తొంభైల్లో ఎవరూ హాయిగా ఏమీ చేసుకోలేదు నాన్నా. నువ్వు వింటున్నవి ముప్పై ఏళ్ళు నిలబడినవి. నిలబడనివి అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి, ఒక్క మంచి పాట ముందు పెట్టి వెనకాల తొమ్మిది నాసిరకం పాటలు కుక్కిన క్యాసెట్లు. పేర్లు చెప్పను, పాపం వాళ్ళకీ పిల్లలుంటారు. ఇక స్కిప్ కొట్టడం అంటావా, మాకూ ఉండేది, రిమోట్ అనేవాళ్ళం. మీ మావయ్య చేతిలో రిమోట్ ఉంటే ఏ పాటకీ పది సెకన్లు కూడా దక్కేవి కాదు. 1991లో స్టార్ టీవీతో పాటు మనకి ఎమ్‌టీవీ వచ్చింది, 1994లో వాళ్ళిద్దరికీ చెడి దాని స్థానంలో ఛానల్ వీ వచ్చింది, 1996లో ఎమ్‌టీవీ మళ్ళీ మన దేశం కోసమని విడిగా తిరిగొచ్చింది. ఆ పెద్ద పెద్ద వ్యవహారాలు ఎక్కడ నడిచాయో గానీ మా వీధిలో అధికారం మాత్రం కేబుల్ వాడిదే. కొత్త తెలుగు ఛానల్ వస్తే దానికి చోటు కావాలని ముందు పీకేసేది మా పాటల ఛానల్‌నే. అడిగితే "మీ ఇంట్లో తప్ప ఎవరూ చూడట్లేదమ్మా" అనేవాడు.

సరే, అసలు సంగతికి వస్తా. ఆల్బమ్ అంటే కళ, సింగిల్ అంటే వ్యాపారం అని నీ మాటల్లో వినపడింది. ఆ దశాబ్దంలో అమెరికాలో జరిగింది దాదాపు తలకిందులు. నో డౌట్ అనే బ్యాండ్ ఉంది కదా, వాళ్ళ 'డోంట్ స్పీక్' పాట, బిల్‌బోర్డ్ అనే అమెరికా పత్రిక వేసే రేడియో లిస్టులో 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మరి అదే పత్రిక అసలు లిస్టు, హాట్ 100లో ఎన్నో స్థానంలో ఉందో చెప్పు చూద్దాం. అసలు లేనే లేదు. ఎందుకంటే షాపులో సింగిల్‌గా అమ్మిన పాటనే ఆ లిస్టులోకి తీసుకునేవాళ్ళు, రికార్డు కంపెనీ ఆ పాటని కావాలనే సింగిల్‌గా అమ్మలేదు. మూడు నాలుగు డాలర్లకి పాట దొరికితే పదిహేను డాలర్ల సీడీ ఎవడు కొంటాడు? రేడియోలో పొద్దున్నించీ రాత్రి దాకా వాయించి, టీవీలో వీడియో తిప్పి తిప్పి జనానికి పిచ్చెక్కించి, తీరా షాపుకి వెళ్తే ఆల్బమ్ తప్ప ఇంకేం దొరక్కుండా చేసేవాళ్ళు. ఆ పాట ఉన్న 'ట్రాజిక్ కింగ్‌డమ్' ఆల్బమ్ అలాగే కోట్లలో అమ్ముడుపోయింది. నటాలీ ఇంబ్రూలియా పాడిన 'టార్న్' కథా ఇదే, రేడియోలో వారాల తరబడి మొదటి స్థానం, హాట్ 100లో 42. 1998 డిసెంబర్లో రూల్ మార్చి, అమ్మకపోయినా రేడియోలో వస్తే చాలన్నారు, అప్పటికి ఆ పాట సందడే అయిపోయింది. మరుసటి ఏడాది ఇంటర్నెట్లో పాటలు ఊరికే పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది. ఒక్క పాట కావాలన్నవాడికి డబ్బు తీసుకుని ఒక్క పాట ఇవ్వకపోతే, వాడు ఊరికే తీసుకోవడం నేర్చుకున్నాడు. నన్నడిగితే ఆ కంపెనీలు తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి.

ఆ 'డోంట్ స్పీక్' వీడియో ఈసారి శ్రద్ధగా చూడు, ముఖ్యంగా బేస్ గిటార్ వాయించే అతన్ని. టోనీ కనల్, లండన్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు మన దేశం వాళ్ళే. పాడే అమ్మాయి గ్వెన్ స్టెఫానీ, అతనూ ఏడేళ్ళు కలిసి తిరిగి విడిపోయారు, ఆ పాట ఆ విడిపోవడం గురించే. అంటే ఆవిడ తన మనసు విరగ్గొట్టినవాడి పక్కన నిలబడి పాడాలి, అతను తన మీద రాసిన పాటకి తనే బేస్ వాయించాలి, అదీ ఊరూరా ప్రతి రాత్రీ. వీడియోలో ఇంకో గొడవ కూడా దాచకుండా పెట్టేశారు: ఫోటోగ్రాఫర్లు వచ్చి ఆవిడ ఒక్కదాన్నే తీస్తుంటే మిగతా ముగ్గురూ మొహాలు మాడ్చుకుని పక్కన నిలబడతారు. అది నటన కాదురా, బయట పత్రికలన్నీ నిజంగానే ఆవిడ ఒక్కదాన్నే అట్టల మీద వేస్తున్నాయి, బ్యాండ్‌లో దాని మీద మంట నడుస్తూనే ఉంది. నాలుగు నిమిషాల పాట ప్రచారానికి తీసిన వీడియోలో తమ ఇంటి తగాదా తామే చూపించుకున్నారు. మీ బ్యాండ్ పోస్టర్ మీద పాడే అబ్బాయి మొహం మాత్రమే ఉందని అలిగావు చూడు, అప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

మన ఊళ్ళో సింగిల్ అనే వస్తువుని నేనైతే షాపులో చూళ్ళేదు. ఇంగ్లీష్ క్యాసెట్ అంటే తెలుగు సినిమా క్యాసెట్ కంటే బాగా ఖరీదు, నాకిచ్చే డబ్బుల్లో కొనడం కుదిరేది కాదు. సికింద్రాబాద్‌లో ఒక రికార్డింగ్ షాపు ఉండేది, ఖాళీ క్యాసెట్ కొనుక్కెళ్ళి కావలసినవి కాగితం మీద రాసిస్తే రెండు మూడు రోజులకి నింపి ఇచ్చేవాడు. నీ భాషలో అది పైరసీ, మాకు అదే లైబ్రరీ. తొంభై నిమిషాల క్యాసెట్‌లో సైడుకి 45 నిమిషాలు. నిర్వాణ వాళ్ళ 'నెవర్‌మైండ్' 42 నిమిషాల చిల్లర, ఆర్.ఈ.ఎమ్. వాళ్ళ 'అవుట్ ఆఫ్ టైమ్' 44 చిల్లర. రెండూ 1991లో వచ్చినవే, ఒకటి ఈ సైడు, ఇంకోటి ఆ సైడు, కొలిచి కుట్టించుకున్నట్టు సరిపోయాయి. నేను ఆల్బమ్ వినడం నేర్చుకున్నది ఆ క్యాసెట్ మీదే. నచ్చని పాట దాటించాలంటే ఫార్వర్డ్ నొక్కి ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి, ఆ తిప్పలు పడేకంటే వినేయడం సుఖం. అలా విని విని మొదట్లో నచ్చనివే తర్వాత ఎక్కువ నచ్చాయి.

ఆ 'నెవర్‌మైండ్' గురించి ఒక మాట. 1991 సెప్టెంబర్లో విడుదలైనప్పుడు అమెరికా మొత్తానికి కంపెనీ పంపింది దాదాపు 46 వేల కాపీలు, అంతకు మించి వాళ్ళకే నమ్మకం లేదు. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని మొదటి స్థానం నుంచి దించేసింది. ఎవరిని అడిగినా మొదటి పాట గురించే చెప్తారు, 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్', దాని వీడియోలో ఆ జిమ్ము, ఆ చీర్‌లీడర్లు, తుడుపుకర్ర పట్టుకున్న ఆ జానిటర్. నాకు మాత్రం చివర్లో ఉన్న 'సమ్‌థింగ్ ఇన్ ద వే' కావాలి. స్టూడియోలో ఎలా వాయించినా కుదరకపోతే ఆ బ్యాండ్‌లో పాడే కర్ట్ కోబేన్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి సోఫా మీద పడుకుని, దాదాపు గొణుగుతూ పాడి చూపించాడట, ప్రొడ్యూసర్ బుచ్ విగ్ ఫోన్ తీసేసి, ఫ్యాన్ ఆపేసి అక్కడే రికార్డ్ చేశాడు. అంత గొంతు చించుకున్న ఆల్బమ్ అలా గొణుగుడుతో ముగుస్తుంది. మొదటి పాట లేకపోతే ఎవరూ లోపలికి రారు, నిజమే, కానీ వచ్చినవాళ్ళు ఉండిపోయేది ఆ చివరి పాట వల్ల.

ముగుస్తుంది అన్నానా, ముగియదు. పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత ఇంకో పాట దాచిపెట్టారు, పేరు కూడా అట్ట మీద వెయ్యకుండా. మొదట అచ్చయిన కాపీల్లో మాస్టరింగ్ చేసినవాళ్ళు పొరపాటున దాన్ని వదిలేశారు కూడా. నా 45 నిమిషాల సైడులో అది ఎలాగూ పట్టదు, కాబట్టి అలాంటిది ఒకటుందనే నాకు తెలీదు. పెళ్ళయ్యాక మీ నాన్న సీడీ తెచ్చారు, పెట్టుకుని విని, అయిపోయింది కదా అని వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి హాల్లో గిటార్లు, డ్రమ్ములు విరగ్గొడుతున్న చప్పుడు. మీ నాన్న పరిగెత్తుకొచ్చి ప్లేయర్ పాడయిందని ప్లగ్ పీకేశారు.

ఇంగ్లండ్‌లో మాత్రం వ్యవహారం వేరు, అక్కడ సింగిల్ అంటే ప్రాణం. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ అనే రెండు బ్యాండ్లు ఒకే రోజు సింగిల్స్ వదిలితే దేశమంతా రెండు వర్గాలైపోయి టీవీ వార్తల్లోకి ఎక్కింది. 'కంట్రీ హౌస్' 2,74,000, 'రోల్ విత్ ఇట్' 2,16,000, ఆ వారం బ్లర్‌ది గెలుపు. మన హీరోల ఫ్యాన్స్ కలెక్షన్ల గొడవ చూసినవాళ్ళకి వింతగా ఉండదులే. అందులోనూ కిటుకు ఉంది, బ్లర్ వాళ్ళు ఒకే పాటని రెండు రకాల సీడీలుగా అమ్మారు, తోడుగా వేసే వెనక పాటలు వేరు వేరు, వీరాభిమాని రెండూ కొంటాడు. నాకు ఆ రెండు పాటలూ అంతంతమాత్రమే. ఒయాసిస్ వాళ్ళ మంచి పాటలు అసలు సింగిల్స్ వెనక పడి ఉండేవి, 'అక్వియెస్', 'ద మాస్టర్‌ప్లాన్' లాంటివి. ఎవరైనా వాటిని ఆల్బమ్ మొదట్లో పెట్టుకుంటారు, వీళ్ళు రెండో పాటగా పారేశారు, చివరికి 1998లో అవన్నీ కలిపి ఒక ఆల్బమ్ వెయ్యాల్సొచ్చింది. నీ ఫోన్లో "దీన్ని వదలంలే" అని పక్కన పెట్టిన పాటలు ఉంటాయే, వాటిని నాకొకసారి పంపు.

వీడియోకి డబ్బుల్లేవని కూడా అన్నావు. మైకేల్, జానెట్ జాక్సన్‌ల 'స్క్రీమ్'కి 1995లో 70 లక్షల డాలర్లు అయ్యాయి, తెల్లటి స్పేస్‌షిప్ సెట్ తప్ప నాకేమీ గుర్తు లేదు. 'టార్న్' వీడియో ఒక్క గదిలో తీశారు. చివర్లో సెట్టింగ్ వాళ్ళు వచ్చి గోడలు ఊడదీసి పట్టుకుపోతుంటే ఆ పిల్ల మధ్యలో గంతులేస్తూ ఉంటుంది, అంతే, ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఇందాకటి ఆర్.ఈ.ఎమ్. వాళ్ళ 'లూజింగ్ మై రిలీజియన్' వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. మన క్యాలెండర్ బొమ్మల్లో దేవుళ్ళుంటారే, ఆ రంగులు, ఆ భంగిమలు తీసుకెళ్ళి అమెరికన్ రాక్ పాటలో పెట్టాడు, 1991లో ఎమ్‌టీవీ వాళ్ళ ఉత్తమ వీడియో బహుమతి దానికే. ఇంకో విషయం, ఆ పాటకి చెప్పుకోదగ్గ కోరస్ లేదు, ముందు వాయించేది గిటార్ కూడా కాదు, మాండలిన్, అదీ వాళ్ళ గిటారిస్ట్ పీటర్ బక్ కొత్తగా నేర్చుకుంటూ టీవీ ముందు కూర్చుని తడుముకుంటుండగా దొరికిన ముక్క. దాన్ని మొదటి సింగిల్‌గా వదలడానికి కంపెనీ జంకింది. ఆ బ్యాండ్‌కి అమెరికాలో అంతకంటే పెద్ద హిట్ మళ్ళీ రాలేదు.

మన వాసన ఉన్న పాటలు ఆ దేశపు లిస్టుల్లో కనిపిస్తే ఇంట్లో పండగే. కూలా షేకర్ అనే ఇంగ్లీషు కుర్రాళ్ళు 1996లో 'గోవింద' అని పూర్తిగా సంస్కృతంలో పాడితే అక్కడ టాప్ టెన్‌లోకి వచ్చింది. మీ అమ్మమ్మ వంటింట్లోంచి "సౌండ్ పెంచవే" అన్న ఒకే ఒక్క రాక్ బ్యాండ్ అది. ఆ తర్వాత కార్నర్‌షాప్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌ది 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా', అందులో పాడే తజిందర్ సింగ్ మన ఆశా భోంస్లే మీద, 45 ఆర్‌పీఎమ్ చిన్న రికార్డుల మీద ప్రేమతో రాసిన పాట. ముందు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నార్మన్ కుక్ అనే డీజే వేగం పెంచి రీమిక్స్ చేశాక 1998 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో మొదటి స్థానం. వేగం పెంచితే హిట్టయింది కదా అంటావని తెలుసు. అయింది, ఒప్పుకుంటా, నాకూ రీమిక్సే ఎక్కువ ఇష్టం. కానీ పెంచడానికి ముందు అక్కడ ఒక పాటంటూ ఉంది కదా.

ఇక మీ అయిదు పాటల సంగతి. నెలకొకటి వదులుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఆల్బమ్ వెయ్యకపోతే కళ్ళు పోతాయని నేననను. అయితే రెండో పాట ముందున్న ఆ వీణ ముక్క, స్కిప్ కొడతారని కోసేశారట, అది తిరిగి పెట్టండి. నెమ్మదిగా ఉన్న ఆ నాలుగోదాన్ని మధ్యలో ఇరికించకుండా ఆఖర్న వదలండి. వీడియోకి అప్పు చెయ్యొద్దు, మీ హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేసే చోటు చాలు, ఉన్న నలుగురి మొహాలూ కనపడాలి. అందరికంటే ముందు ఆ మిక్సింగ్ చేసే అబ్బాయితో మాట్లాడు, మూడో పాటలో నా కొడుకు వాయించిన బేస్ నాకే వినపడట్లేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి, పదకొండు దాటాక అయితే ఖాళీగా ఉంటాను.

అమ్మ