ట్యూబా ఎంపికలో తొందర తగదు

సంపాదకులు గారికి నమస్కారం.

మంద్రస్వరాలు పలికే పెద్ద ఇత్తడి ఊదువాద్యమైన ట్యూబాను కొనదలచినవారు ఇత్తడి మెరుపును చూసి, నాలుగు స్వరాలు ఊది నిర్ణయానికి రావడం నాకు బాధ కలిగిస్తోంది. 1835లో బెర్లిన్‌లో సైనిక బ్యాండ్ల సంగీతకారుడు వీప్రెక్ట్, వాద్యాల తయారీదారు మోరిట్జ్ పేటెంట్ పొందిన తొలి ట్యూబా ఎఫ్ (పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరం పేరు) శ్రుతిది. నేడు ఎఫ్, ఈ ఫ్లాట్, సి, బి ఫ్లాట్ శ్రుతుల్లో ఇవి దొరుకుతున్నాయి. బి ఫ్లాట్ ట్యూబా ప్రధాన గొట్టం పొడవు దాదాపు 18 అడుగులు, ఎఫ్ ట్యూబాది దాదాపు 12 అడుగులు కనుక, ఒకదానికి అలవాటుపడిన ఊపిరితో రెండోదాన్ని ఊది వెంటనే తీర్పు చెప్పడం న్యాయం కాదు.

పోల్చేటప్పుడు వీలైనంతవరకు మన మౌత్‌పీస్‌నే (పెదవులు ఆనించి ఊదే భాగం) వాడాలి. అది మారితే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. వాల్వు నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి మళ్లి స్వరం కిందికి దిగుతుంది; అయితే మొదటి, మూడో వాల్వులను కలిపి నొక్కినప్పుడు గొట్టం పొడవు కొంత చాలక స్వరం ఉండాల్సిన శ్రుతికన్నా హెచ్చుగా పలుకుతుంది. ఆ లోపాన్ని సరిదిద్దే నాలుగో వాల్వు ఉందా, దానితో మంద్రస్వరాలు నిలకడగా వస్తున్నాయా అన్నది శ్రుతి మీటరు పెట్టుకొని ఓపికగా పరీక్షించాలి.

వాయించేవారి చెవిని మాత్రం పూర్తిగా నమ్మలేము. నా ఒడిలో గంభీరంగా మోగిన ఒక పెద్ద ట్యూబా, హాలు చివర కూర్చున్న మిత్రుడికి మసకగా వినిపించింది. నాకు పలుచగా తోచిన చిన్నదే అతనికి స్పష్టంగా చేరింది. పాత వాద్యమైతే, వాల్వు నొక్కకుండా దాని స్లైడును (ఆ వాల్వుకు చెందిన, బయటికి లాగగల గొట్టాన్ని) చటుక్కున లాగి చూడాలి: ‘టప్’మన్న చప్పుడు గట్టిగా వస్తే గాలి బాగా నిలుస్తున్నట్టే.

ఇట్లు,
ఒక ట్యూబా వాద్యకారుడు