పెన్సిల్ రాతలు ఆగిన పేజీ

బియగమ, శ్రీలంక

చిన్నీ,

నీ హాస్టల్ రోజుల తర్వాత నీకు ఉత్తరం రాయడం ఇదే. నేను సెలవు పెట్టి ఇరవై రోజులైంది. షిప్‌మెంట్ల టెన్షన్‌తో బీపీ 160 దాటింది కదా, రెండు నెలలు ఫ్యాక్టరీ మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. మొదటి వారం అలవాటుగా ఐదున్నరకే లేచి, స్నానం చేసి, వెళ్ళడానికి చోటు లేక వరండాలో కూర్చునేవాణ్ణి. చూడలేక అమ్మ పాత ట్రంకుపెట్టె సర్దమంది. అందులో నీ నర్సరీ బొమ్మల కింద సింహళ కవి మహగమ సేకర కవితల పుస్తకం కనిపించింది. 'హెట ఇరక్ పాయయి'.

ఈ దేశం వచ్చిన కొత్తలో మరదానలో పాత పుస్తకాల కొట్ల దగ్గర కొన్నాను. ఫ్యాక్టరీలో మిషన్ల మీద కూర్చునే అమ్మాయిలతో వాళ్ళ సింహళంలో మాట్లాడాలని నా తాపత్రయం. అక్షరాలు మనవాటిలాగే గుండ్రంగా ఉండేసరికి ధైర్యం వచ్చింది. రాత్రిళ్ళు పక్కింటి అక్క అర్థం చెబుతుంటే అంచుల్లో పెన్సిల్‌తో తెలుగులో రాసుకునేవాణ్ణి. హెట అంటే రేపు. ఇర అంటే సూర్యుడు. చివర 'క్' చేరితే 'ఒక'. రేపు ఒక సూర్యుడు పొడుస్తాడు. ఆ 'ఒక' నాకు ఎంత నచ్చిందో! భాష కోసం తెచ్చుకున్న పుస్తకం, చూస్తుండగానే మనసుకు పట్టేసింది.

పుస్తకం సగం దాటాక పెన్సిల్ రాతలు లేవు. అది నేను మేనేజర్ అయిన ఏడాది. తర్వాత ఒక్క పేజీ కూడా తిప్పలేదని ఆ తెల్లటి అంచులు చూస్తే తెలిసింది. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నువ్వు స్కూల్లో 'రత్న దీప జన్మ భూమి' పాడేదానివి గుర్తుందా? ఇక్కడి గాయకుడు అమరదేవ పాడిన ఆ పాట సేకర రాసిందే. రత్నం, దీపం, జన్మభూమి... ఆ పల్లవికి మనకు నిఘంటువు అక్కర్లేదు. జడ వేస్తూ అక్క "ఆయెత్ కియన్న, దువే" అనేది. మళ్ళీ పాడమ్మా అని. రేడియోలో అమరదేవ, సేకర కలిసి చేసిన సంగీత కార్యక్రమం పేరు 'మధువంతి', మన రాగం పేరే.

అయినా దేశభక్తి పాటల కంటే ఆయన పల్లెటూరి కవితలే నాకు ఎక్కువ ఇష్టం. ఛందస్సు లేని కవిత్వాన్ని ఇక్కడ నిసందస్ అంటారు. సేకర దాన్ని రాస్తే లోపల జానపదం నడక వినిపిస్తుంది. వచనంలో, పద్యంలో లయ గురించి పరిశోధన కూడా చేశాడు. కళ్ళతో చదివితే నాకు ఏమీ అందలేదు. పైకి చదువుతూ వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తే అప్పుడు దొరికింది.

మొన్న పోయ రోజున, అంటే పౌర్ణమి సెలవునాడు, బస్సెక్కి ఆయన పుట్టిన రదావాన వెళ్ళాను. కిరిందివెల దగ్గర, మనకు దూరం కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. పొలంగట్టు మీద గంటసేపు నడిచాను, ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. ఆయన 1929లో పుట్టి 1976లో పోయాడు. నిండా 47 ఏళ్ళు కూడా లేవు. అందులోనే బొమ్మలు గీశాడు, నవల రాశాడు, దాన్నే 'తున్ మన్ హందియ' పేరుతో 1970లో సినిమాగా తీశాడు. 'ప్రబుద్ధ' అనే దీర్ఘకవిత ఆయన పోయాక పుస్తకంగా వచ్చింది. అదీ కొన్నాను. రోజుకు ఇరవై పాదాలు చదువుతున్నాను, పెన్సిల్ పట్టుకునే.

ఒక్క ఇబ్బంది. నా ఉచ్చారణలో గుంటూరు పోలేదు. 'స', 'హ'లు నీ నోట్లో పలికినట్టు నాకు పలకవు. ఒక కవితను తెలుగు లిపిలో రాసి ఈ కవర్లోనే పెడుతున్నాను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు పైకి చదివి వినిపించు. పక్కింటి అక్కను కూడా పిలిచి కూర్చోబెడతాను.

నాన్న